తోట ముందా, లోపలి పనులు ముందా? ముందు నీళ్ల దారి చూడండి

మీరు రాసినదాని సారాంశం ఇది: ఇల్లు కట్టి పదిహేనేళ్లయింది, ముందూ వెనకా కొంత ఖాళీ స్థలం ఉంది. మూడు నాలుగేళ్లలో అమ్మే ఆలోచన ఉంది కానీ ఖాయం కాదు. ఉన్న డబ్బు తోటకూ లోపలి పనులకూ పూర్తిగా చాలదు. ఇంటీరియర్ వాళ్లు ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్, కొత్త వార్డ్‌రోబ్‌లు అంటున్నారు. తోట వేసేవాళ్లు లాన్, ఫౌంటెన్ అంటున్నారు. ఏది ముందు చెయ్యాలి అని అడిగి, వెనక గది గోడ కింది భాగం పెచ్చులూడుతోందని చివర్లో ఒక్క మాట రాశారు.

ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. ఫాల్స్ సీలింగ్ వేసినా, వాల్‌పేపర్ అంటించినా ఆ పెచ్చులు ఆగవు. గోడకు ఆనించి లాన్ వేసి రోజూ తడిపితే ఇంకా ఎక్కువవుతాయి.

అమ్ముతామా, ఉంటామా అన్నది తేలక టెన్షన్ పడుతున్నట్టున్నారు. ఇప్పటికి దాన్ని పక్కన పెట్టండి. ఇల్లు పొడిగా ఉండడం, గదుల్లోకి వెలుతురు రావడం, ఇబ్బంది లేకుండా నడిచే దారి ఉండడం, కిటికీలోంచి చూస్తే కంటికి హాయిగా ఉండడం, ఈ నాలుగూ అక్కడ ఉండేవాళ్లకు రోజూ పనికొస్తాయి. కొనడానికి వచ్చినవాళ్లు చూసేవీ ఇవే, పైకి ఈ మాటల్లో చెప్పకపోయినా. అమ్మేవాళ్ల దారీ, ఉండేవాళ్ల దారీ విడిపోయేది చివర్లో రంగులు, అలంకారాల దగ్గర మాత్రమే. కాబట్టి పనిలో పెద్ద వంతు ఏ నిర్ణయమూ తీసుకోకుండానే మొదలుపెట్టవచ్చు.

ముందు వెనక గోడకు బయటి వైపు వెళ్లి వంగి చూడండి. గోడకు ఆనించి పూలపాదు ఉందా? ఉంటే దాని మట్టి ఎంత ఎత్తులో ఉంది? పునాది మీద గోడ మొదలయ్యే చోట, నేలలోని చెమ్మ పైకి ఎక్కకుండా ఒక అడ్డుపొర వేస్తారు. సాధారణంగా అది లోపలి నేలమట్టానికి దగ్గర్లో ఉంటుంది. బయటి మట్టి ఆ పొరకు కనీసం 6 అంగుళాలు కిందే ఉండాలి. ఏడాదికింత ఎరువు, ఏడాదికింత కొత్త మట్టి వేసుకుంటూ పోతే పాదు మెల్లగా ఆ పొరను దాటేస్తుంది. అప్పటినుంచి మొక్కలకు పోసే నీళ్లలో కొంత గోడ పీల్చుకుంటుంది. ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి పాకి, లోపలి వైపు ఆవిరైపోతుంది. దానితో వచ్చిన లవణాలు మాత్రం పెయింట్ వెనకే ఉండిపోయి గట్టిపడతాయి. ఒక పెచ్చును గోరుతో లేపి చూడండి, కింద తెల్లగా పొడిపొడిగా రాలుతుంది. రంగును లోపలినుంచి బయటికి తోస్తున్నది అదే.

ఇలాంటి గోడను ఏటా గీకి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు వేసిన ఇళ్లు చాలా చూశాను. ఒక ఇంట్లో అయితే పెయింటర్ వేసిన పట్టీ ఏడాదికేడాది పైకి జరుగుతూ కిటికీ అంచు దాకా వచ్చింది. లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించడమే అక్కడ జరిగిన పొరపాటు. బయటికి రావడానికి దారి లేని చెమ్మ గోడలోనే ఇంకా పైకెక్కి, కోటింగ్ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ బయటపడింది. చివరికి చేసిన పని చాలా చిన్నది. బయట పాదు మట్టిని జానెడు లోతున తీసేసి, మొక్కల్ని ముందుకు జరిపి, గోడ వెంబడి అడుగున్నర వెడల్పున కంకర పరిచి వదిలేశాం. లోపల ఉబ్బిన ప్లాస్టరింగ్ కొట్టేసి, గోడను ఎండనిచ్చాం. గోడ మందంలో అంగుళానికి దాదాపు ఒక నెల చొప్పున ఎండడానికి పడుతుందని మా పనివాళ్ల లెక్క. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా ఈ నెలలు ఆగాల్సిందే.

పాదు లేకపోయినా పెచ్చులు ఊడుతుంటే రెండు పరీక్షలు చెయ్యండి. గోడ మీద ప్లాస్టరింగ్ గట్టిగా ఉన్న చోట జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. తీసినప్పుడు గోడ వైపు తడి ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే గదిలోని ఆవిరి చల్లటి గోడకు పడుతోంది, అంటే గాలి ఆడడం లేదు. రెండో పరీక్ష, కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరును ఒక గంట గమనించడం. ముల్లు కదిలితే ఏదో పైపు కారుతోంది.

ఆ తర్వాత గట్టిగా వాన పడే రోజున గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. డాబా మీది నీళ్లు దిగే పైపు ఎక్కడ వదులుతోంది, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఎటు పారుతున్నాయి అన్నది ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఆ పది నిమిషాల వీడియో ఏ డిజైనర్ గీసిన ప్లాన్ కన్నా మీకు ఎక్కువ పనికొస్తుంది. మట్టి నేల అయితే గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగేలా వాటం ఉండాలి. బండలు, టైల్స్ పరిచిన చోట అంత అక్కర్లేదు, 50కి 1 వాటం సరిపోతుంది, అంటే 10 అడుగులకు దాదాపు రెండున్నర అంగుళాలు. పైపు నీళ్లను గోడ మొదట్లో వదలకుండా కనీసం 5, 6 అడుగులు అవతలికి తీసుకెళ్లండి. ఈ పనుల్లో ఒక్కటీ ఫోటోలో కనిపించదు. కానీ కొనేవాళ్లు చెమ్మ మరక ఒకటి చూశారంటే మిగతా ఇంటినంతా అనుమానంతోనే చూస్తారు, బేరంలో ఆ మరమ్మతుకయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు తగ్గించి అడుగుతారు.

నీళ్ల సంగతి తేలాక తోట. తోట అంటే చాలామంది వీధిలోంచి చూసి గీస్తారు. నేను లోపల కుర్చీలోంచి మొదలుపెడతాను. మీరు రోజులో ఎక్కువసేపు కూర్చునే చోట్లు రెండో మూడో ఉంటాయి, ఇంకా వంటింటి సింక్ ముందు నిలబడే చోటు ఒకటి. ఒక్కో చోటినుంచి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో ఫోటో తియ్యండి. కూర్చున్న మనిషి కన్ను నేలకు మూడున్నర, నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది, ఫోన్‌ను కూడా అంతే ఎత్తులో పట్టుకోండి. నిలబడి తీస్తే అసలు విషయం తప్పిపోతుంది. వరండా రెయిలింగ్ పై కమ్మీ సరిగ్గా కంటికి అడ్డంగా ఉందని, ఏసీ బయటి యూనిట్, బట్టలు ఆరేసే తీగ, పక్కింటి వెనక గోడ తప్ప ఇంకేమీ కనబడడం లేదని అప్పుడే తెలుస్తుంది.

ఆ ఫోటోలను పెద్దగా ప్రింట్ తీసి, పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి చెట్లు, పొదలు గీసి చూసుకోండి. ఇది కొత్త కిటుకేమీ కాదు. ఇంగ్లండ్‌లో తోటలు రూపొందించిన హంఫ్రీ రెప్టన్ (1752–1818) ఇంటి యజమానులకు నీటిరంగుల బొమ్మలు వేసి ఇచ్చేవాడు. బొమ్మ మీద అతికించిన కాగితపు మడత ఉన్నప్పుడు ఇప్పటి దృశ్యం, దాన్ని పైకి తీస్తే రాబోయే తోట కనిపించేవి. బొమ్మ చూసి వద్దనుకుంటే అక్కడితో పోతుంది, నాటాక వద్దనుకుంటే తవ్వాలి.

కిటికీలోంచి కనిపించే దానికి ఇంత విలువెందుకంటే, రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం చెప్పాలి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల రికార్డులను, వయసు వంటివి కలిసేలా 23 జంటలుగా చేసి పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన గదుల్లోని వాళ్లు, ఇటుక గోడ కనిపించిన గదుల్లోని వాళ్లకన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. దీన్నిబట్టి మీ ఇంటి ధర ఎంత పెరుగుతుందో చెప్పలేం. కానీ రెండు చెట్లు సరైన చోట పెడితే ఒక గది మొత్తం మారిపోతుందని నమ్మడానికి నాకు ఈ మాత్రం చాలు.

మీకున్న మూడు నాలుగేళ్ల గడువులో ముందుగా చెయ్యాల్సింది చెట్లు నాటడం. రంగు వారంలో అయిపోతుంది, చెట్టు పెరగడానికి మాత్రం ఆ మూడేళ్లూ కావాలి. మొదటి చెట్టును పడమటి కిటికీకి ఎదురుగా పెట్టండి. మధ్యాహ్నం దాటాక సూర్యుడు కిందికి దిగి ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ దాన్ని ఆపలేదు, నిలువుగా అడ్డం ఉండాలి. చోటు లేకపోతే కిటికీ ముందు జాలీ ఫ్రేమ్ నిలబెట్టి తీగ ఎక్కించినా చాలు. ఏ చెట్టయినా నర్సరీలో ఉన్నంత కాదు, పెద్దయ్యాక ఎంత విస్తరిస్తుందో అడిగి, గోడకు దానిలో సగం కన్నా ఎక్కువ దూరంలో నాటండి. వేళ్లు చాలామంది అనుకున్నట్టు నిలువుగా లోతుకు పోవు. ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. మర్రి, రావి జాతి చెట్లను ఇంటి దగ్గరకు రానివ్వకండి, వెదురు కావాలంటే గుంపుగా పెరిగే రకమే అడగండి.

నాటే ముందు మట్టిని చూడండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లతో నింపండి, అవి ఇంకాక మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగుతోందో కొలవండి. 1 నుంచి 3 అంగుళాలు దిగితే మంచిది. అంతకన్నా బాగా తక్కువైతే వేళ్లు కుళ్లుతాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు గచ్చు అక్కడే పూడ్చేసి పైన నాలుగంగుళాలు మంచి మట్టి పరిచిన పెరళ్లు కోకొల్లలు. పదిహేనేళ్లుగా అక్కడ ఏమీ సరిగ్గా పెరగడం లేదంటే నా అనుమానం మొదట అటే పోతుంది.

మొక్కను కుండీలోంచి తీశాక కుదురును, అంటే వేళ్లూ మట్టీ కలిసిన ముద్దను, చేతిలో తిప్పి చూడండి. వేళ్లు కుండీ ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉంటే, అలాగే నాటితే నేలలో కూడా అలాగే చుట్టుకుంటాయి, కొన్నేళ్లకు కాండాన్నే బిగిస్తాయి. చాకుతో కుదురు పక్కల నిలువుగా మూడు నాలుగు చోట్ల కోసి, చుట్టుకున్న వేళ్లను విప్పండి. తర్వాత పై మట్టిని వేలితో తోస్తూ పోతే కాండం వెడల్పై వేళ్లుగా చీలే చోటు కనిపిస్తుంది. ఆ చోటు నేలమట్టానికి కనిపించేలా ఉండాలి. గుంట కుదురుకు రెండు మూడు రెట్లు వెడల్పుగా తియ్యండి, లోతు మాత్రం కుదురంతే. పైన రెండు మూడు అంగుళాలు ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం నాలుగంగుళాలు దూరంగా. మొదలు చుట్టూ దిబ్బలా పోసిన ఎరువు కింద బెరడు మెత్తబడి కుళ్లిపోతుంది. నీళ్లు రోజూ చెంబుడు పోసేకన్నా నాలుగైదు రోజులకోసారి లోతుగా తడిసేలా పోస్తే వేళ్లు కిందికి దిగుతాయి. మొక్కలు పాతుకునే మొదటి కొన్ని వారాలు మాత్రం తరచుగా చూసుకోవాలి. పెద్ద చెట్టు తెచ్చి పెడితే తొందరగా నీడ వస్తుందని నర్సరీవాళ్లు చెబుతారు. వేళ్లు తెగిన పెద్ద చెట్టు కోలుకోవడానికే చాలాకాలం పడుతుంది, ఈలోగా చిన్న మొక్క దాన్ని అందుకుంటుంది.

లాన్ గురించి మీరు అడిగారు. పిల్లలు ఆడుకుంటారంటే, ఎండ బాగా పడే చోట చిన్న ముక్కగా వేసుకోండి. చూడటానికి మాత్రమే అయితే వద్దు. కోత, కలుపు, నీళ్లు ఎప్పటికీ తప్పవు, నాలుగు వారాలు వదిలేస్తే ఇల్లే పాడుపడినట్టు కనిపిస్తుంది. ఫౌంటెన్ అసలే వద్దు. మోటారు ఆగిన ఫౌంటెన్ దోమల తొట్టి.

దారి, మెట్లు త్వరగా చెప్పేస్తాను. గేటు నుంచి గుమ్మానికి ఇద్దరు పక్కపక్కన నడిచేలా 4 అడుగుల వెడల్పు ఉండాలి, పక్క దారులకు 3 చాలు. బయటి మెట్లు లోపలి వాటికన్నా పొట్టిగా, వెడల్పుగా ఉండాలి: ఎత్తు 5, 6 అంగుళాలు, కాలు పెట్టే చోటు 14 అంగుళాలు. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండడం ముఖ్యం, తేడా ఉన్న మెట్టు దగ్గరే జనం తూలుతారు. దీపాలు కిందికి వెలుగు పడేలా, బల్బు కంటికి కనిపించకుండా పెట్టించండి.

ఇక లోపల. ఇంటీరియర్ వాళ్లు చెప్పిన మూడింటిలో ఒక్కటీ నేను మొదట చెయ్యను. ఫాల్స్ సీలింగ్ కనీసం నాలుగైదు అంగుళాలు ఎత్తు తినేస్తుంది. వైర్లో డక్టులో దాచాల్సి వస్తే సరే, అలంకారానికైతే పైకప్పుకు తెల్ల రంగు వేస్తే చాలు. వాల్‌పేపర్ ఒకరి అభిరుచి, తర్వాత వచ్చినవాళ్లకు పీకే పని. వార్డ్‌రోబ్‌ల్లో చట్రం గట్టిగా ఉండి, లోతు 2 అడుగులు ఉంటే తలుపులు, హ్యాండిళ్లు, కీళ్లు మార్చితే సగానికి పైగా పని అయిపోయినట్టే.

వాటి బదులు దీపాలు మార్చండి. బల్బు వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. కూర్చునే గదుల్లో, పడకగదుల్లో 2700 నుంచి 3000 కెల్విన్ బల్బులు, వంటింట్లో పనిచేసే గట్టు మీద కావాలంటే 4000. ఒకే గదిలో పసుపు, తెలుపు కలపకండి. పెట్టె మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, 90 లేదా ఆపైన ఉన్నవి తీసుకుంటే గోడ రంగులు, మనుషుల ముఖాలు నిజంగా ఉన్నట్టే కనిపిస్తాయి. సీలింగ్ మధ్యలో ఒక్క పెద్ద లైటు పెట్టి గది మొత్తం తెల్లబారేలా చెయ్యకుండా, గోడ మీదా మూలలోనూ చిన్న దీపాలు విడివిడి స్విచ్‌లతో పెట్టించుకోండి. రంగు ఎంపికకు షేడ్ కార్డును నమ్మకండి. రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి గదిలో గోడ గోడకూ మార్చి, పొద్దున, సాయంత్రం, రాత్రి దీపం కింద చూడండి. బయట చెట్టు పెరిగితే గదిలోకి వచ్చే వెలుగుకు పచ్చ ఛాయ వస్తుంది, తెల్లటి గోడ మీద అది ఇట్టే తెలుస్తుంది.

సామాను తగ్గించడం అన్నింటికన్నా చవక. మనిషి నడిచే దారి 3 అడుగులు, సోఫాకూ టీపాయ్‌కూ మధ్య అడుగున్నర, భోజనాల బల్ల చుట్టూ కుర్చీ వెనక్కి లాగడానికి 3 అడుగులు, వంటింట్లో ఎదురెదురు గట్ల మధ్య మూడున్నర నుంచి 4 అడుగులు. టేపు పట్టుకుని కొలిచి, సరిపోని సామానును ఇంకో గదిలోకి మార్చి పది రోజులు ఉండి చూడండి. కర్టెన్ రాడ్డును కిటికీ చట్రానికి నాలుగైదు అంగుళాలు పైన, రెండు పక్కలా అంత కన్నా ఎక్కువ బయటికి బిగిస్తే కర్టెన్ తీసినప్పుడు అద్దం మొత్తం బయటపడుతుంది.

బాత్‌రూమ్ ముట్టుకుంటే మాత్రం సగం సగం పని వద్దు. టైల్స్ మార్చే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నేల మీది నీళ్లు పోయే జాలీ మూసేసి, నేలంతా నీళ్లు నిలబెట్టి 24 గంటలు ఉంచాలి. కింది గదిలో తడి కనిపించలేదని చూశాకే టైల్. జాలీ వైపు అడుగుకు పావు అంగుళం వాటం ఉందో లేదో అప్పుడే బకెట్ నీళ్లు పోసి చూసుకోండి.

ఇంట్లో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందని ఇంటీరియర్ వాళ్లు చెబితే నవ్వి ఊరుకోండి. ఆ మాట 1989లో నాసా గాలి చొరబడని పెట్టెల్లో చేసిన ప్రయోగాలనుంచి పుట్టింది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాలన్నింటినీ లెక్కగట్టి చూస్తే, ఇంట్లో మామూలుగా గాలి మారే దానికి సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మొక్కలు అందం కోసం పెట్టుకోండి, గాలి కోసం కిటికీ తెరవండి.

వరుస ఇలా పెట్టుకోండి: ఈ ఏడాది నీళ్ల వాటం, గోడ, చెట్లు. గోడ ఎండుతున్న నెలల్లోనే దీపాలు, బిగుసుకున్న తలుపులు, కారే కుళాయిలు. వచ్చే ఏడాది దారి, వరండా, బాత్‌రూమ్. రంగులు అన్నింటికన్నా చివర. అప్పటికి అమ్మేది ఖాయమైతే లేత రంగులు వేసి, ఎదుటివాళ్లు తమ సామాను ఊహించుకునేలా గదులు వీలైనంత ఖాళీగా ఉంచండి. పడకగదిని కలిపేసి హాలు పెద్దది చెయ్యడం, మీ వీధిలో ఏ ఇంట్లోనూ లేనంత ఖరీదైన వంటిల్లు పెట్టడం లాంటివి చెయ్యకండి, ఆ ఖర్చు ధరలో తిరిగి రాదు. ఉండిపోయేది ఖాయమైతే ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, ముదురు ఆకుపచ్చ గోడ కావాలంటే వేసుకోండి.

తవ్విన కందకం పూడ్చే ముందు, గోడలో పైపు మూసే ముందు పక్కన టేపు పరిచి ఫోటో తీసుకోవడం మరిచిపోకండి. బిల్లులు, వాటర్‌ప్రూఫింగ్ గ్యారంటీ కాగితం, 24 గంటల నీళ్ల పరీక్ష ఫోటో అన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. అమ్మితే కొనేవాళ్ల ముందు ఆ ఫైల్ తెరవచ్చు. ఉండిపోతే, ఏడేళ్ల తర్వాత మేకు కొట్టాల్సి వచ్చినప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫోటో చూసి కొట్టవచ్చు.